కుట్టినవారు తెలియదట

ఇది రాయడానికి కారణం ఒక అట్టముక్క.

మొన్న మా నర్సీపట్నంలో ఒక కాలేజీ హాల్లో పాతకాలపు ఇంటి సామాన్లన్నీ ప్రదర్శనకి పెట్టారు. తిరగళ్ళు, కుంచాలు, ఇత్తడి లాంతర్లు, మూగబోయిన రేడియోలు. ఒక గోడంతా గాజు పలకల వెనక కుట్టుపనులు. అన్నీ చూసుకుంటూ వస్తున్నదాన్ని ఒక దాని ముందు ఆగిపోయాను. మ్యాటీ గుడ్డమీద ఊలుతో కుట్టిన మామిడి కొమ్మ. రాగి రంగు చిగుళ్ళు, గోధుమరంగు పూత. చిలకా లేదు, కాయా లేదు. కింద అట్టముక్కమీద చక్కటి దస్తూరీతో రాసి ఉంది: "రంగు వెలిసింది. కుట్టినవారు: తెలియదు."

రెండే వాక్యాలు. రెండూ తప్పే.

అక్కడ నిలబడ్డ కుర్రాడిని పిలిచి చెప్పాను. "బాబూ, ఇది రంగు వెలవలేదు. కుట్టినవాళ్ళెవరో నాకు తెలుసు. మా మేనత్త."

అబ్బాయి మర్యాదస్తుడు. నవ్వలేదు. "ఆధారం ఏమైనా ఉందా అమ్మా? ఉంటే రాసి ఇవ్వండి, కమిటీవాళ్ళకి చూపిస్తాను," అన్నాడు.

రాసి ఇమ్మన్నాడు కదా. రాస్తున్నాను.

నా బడి చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయింది. తర్వాతదంతా గ్రంథాలయం చదువే. మా ఊరి గ్రంథాలయంలో కిటికీ పక్క బల్ల మీద కూర్చుని బీరువా తర్వాత బీరువా చదివాను, ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. కుట్టు పుస్తకాలూ వదల్లేదు. వాటిలో ప్రతి కుట్టుకీ ఒక బొమ్మ ఉంటుంది. సూది ఎక్కడ దిగాలో, ఎక్కడ పైకి రావాలో బాణం గుర్తులుంటాయి. సూది పట్టుకున్న చెయ్యి కూడా ఉంటుంది. ఆ చెయ్యి మాత్రం మణికట్టు దగ్గర తెగిపోయి ఉంటుంది. ఆ చేతి వెనకాల మనిషి ఉన్న పుస్తకం నాకింతవరకూ కనబడలేదు. కాబట్టి మనిషి సంగతి నేనే రాయాలి.

ఆమె పేరు చివర చెప్తాను. ఆమె కూడా కుట్టంతా అయ్యాకే పేరు కుట్టింది.

*

అప్పుడు నాకు తొమ్మిదో పదో ఏళ్ళు. మాది పెంకుటిల్లు. పెరట్లో ఒక మామిడి, గోడ అవతల జీడితోట. చలి వెనక్కి తగ్గి, బెల్లం వండే పొయ్యిల వాసన ఊరి చుట్టూ పలచబడే రోజుల్లో మా అత్తకి ఎక్కడలేని హుషారూ వచ్చేది. పొద్దున్నే పళ్ళుతోముకుంటూ మామిడి కింద నిలబడి తలెత్తి చూసేది. చిగురేసిందా, పూతొచ్చిందా, మంచు పడిందా. అవన్నీ చూసుకున్నాకే ఆ ఏటి వసంతం ముక్క మొదలుపెట్టేది. ఏడాదికి ఒకటే. మిగతా కాలమంతా జాకెట్లు, దిండు గలీబులు. వసంతం ముక్క మాత్రం తనకోసం.

"చెట్టు ఎప్పుడూ అదే కదత్తా, పోయినేడాది బొమ్మే ఉందిగా, దాన్ని చూసి కుట్టీవచ్చు గదా?" అని అడిగాను ఒకసారి.

"నీకు పోయినేటి గౌను ఈ ఏడు పట్టిందేటే?" అంది. "సెట్టుకీ అంతే."

మామిడి ఆకు అనగానే అందరూ పచ్చ ఊలు తీస్తారు. మా అత్త అలా తీయడం నేనెప్పుడూ చూళ్ళేదు. వసంతంలో మామిడాకు పచ్చగా ఉండదు, రాగిచెంబులా ఉంటుంది. ఆ రంగు ఊలు బజారులో దొరికేది కాదు. అందుకని కాఫీపొడి రంగు ఊలు పోగు ఒకటి, గులాబిరంగు పోగు ఒకటి విడదీసి, రెండూ కలిపి ఒకే సూదిలోకి ఎక్కించేది. కుట్టాక దూరం నుంచి చూస్తే చిగురు మీద ఎండ పడ్డట్టుండేది. పూతకి ఫ్రెంచి ముడి. సూదికి దారం రెండు చుట్లు చుట్టి, వచ్చిన కన్నం పక్కనే దించేయడం. చుట్టు బిగిస్తే ముడి ఆవగింజంత అవుతుంది, వదులు చేస్తే మిరియపు గింజంత. విచ్చిన పువ్వుకి వదులు, మొగ్గకి బిగువు. చిలకల ఒళ్ళంతా, కొమ్మ బెరడంతా గడులు లెక్కపెట్టుకుంటూ, లెక్కల్లో ఇంటూ గుర్తులా వేసిన ఇంటూ కుట్టు. గడ్డిపరకలకి కాడ కుట్టు.

ఇవన్నీ ఆమెకి నేర్పింది మా వీధి మొదట్లో ఉండే టీచరమ్మ. మిషనరీల బడిలో పాఠాలు చెప్పేవారు. తెల్లచీర, చేతికి గడియారం. ఆదివారం చర్చి నుంచి వచ్చాక వాళ్ళింటి వసారాలో మా అత్తని ఎదురుగా కూర్చోబెట్టుకునేవారు. ఎదురుగానే ఎందుకంటే మా అత్తది పుర్రచెయ్యి, ఎడమచేతి వాటం. పక్కన కూర్చుంటే అంతా తిరగబడేది. ఎదురుగా కూర్చుంటే అద్దంలో చూసుకున్నట్టు సరిపోయేది. ఈ ఉపాయం ఆ టీచరమ్మకి ఎవరు చెప్పారో తెలియదు. తర్వాత గ్రంథాలయంలో చదివితే ఒక పుస్తకంలో అచ్చు ఇలాగే చెయ్యమని ఉంది. నాకెంత గర్వమనిపించిందో!

టీచరమ్మ పని తీసుకోగానే ముందు వెనక్కి తిప్పి చూసేవారు. "ముందు వైపు ఊరికోసం. వెనక వైపు నీకోసం. నీకోసం చేసుకున్నది శుభ్రంగా ఉండాలి కదమ్మా," అనేవారు. వెనక ముడి కనబడితే విప్పించేవారు.

మా నాయనమ్మకి మాత్రం ఆ పుర్రచెయ్యంటే భయం. "పెళ్ళివారొచ్చినపుడు ఆ సెయ్యి కొంగులో దాచీయే. పళ్ళెం కుడిసేత్తో అందించు," అని నూరిపోసేది.

*

ఇక అరువు సంగతి.

ఆ రోజుల్లో పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు పిల్లని పాడమనేవారు, నడవమనేవారు, తర్వాత గోడకేసి చూసేవారు. గోడమీద గాజు పలకలో ఒక కుట్టు ఉండాలి. "మా పిల్లే కుట్టిందండి," అని తల్లి చెప్పాలి. అది ఆ తంతులో భాగం. మా వీధిలో ఆడపిల్లలు చాలామంది. కుట్టే చెయ్యి ఒక్కటి. అందుకని మా అత్త రెండు చిలకల కొమ్మ, పూత విరగబూసిన ఏడాది కుట్టినది, వీధంతా తిరిగేది. ఇవాళ ఆ ఇంట్లో మేకుకి, రేపు ఈ ఇంట్లో మేకుకి.

దాన్ని దుప్పటిలో చుట్టి మోసుకెళ్ళే పని నాది. నాకదంటే ఎంత ఇష్టమో! ఏ ఇంటికి తీసుకెళ్ళినా పెళ్ళివారికని చేసిన బెల్లం గవ్వలు వేడివేడిగా గౌను ఒడిలో పోసేవారు. ఒక్కోసారి జీడిపప్పు పడేది. మేమే కాల్చుకు తినే జీడిగింజలతో మూతి పొక్కిపోయి ఉండేది, ఆ పొక్కిన మూతితోనే ఈ పప్పూ నమిలేదాన్ని. గవ్వల కోసం నేనే ఇంటింటికీ వెళ్ళి "మీ ఇంటికి పెళ్ళివారెప్పుడొస్తారు పెద్దమ్మా?" అని అడిగేదాన్ని. వీపుమీద ఒకటి పడేది, గవ్వలూ దొరికేవి.

అత్తని అడిగాను. "అందరూ తమ పిల్ల కుట్టిందంటారు. నీకు కోపం రాదా?"

"వస్తాది," అంది. దారం పళ్ళతో కొరికి, "వీధిలో ఉంటన్నాం గదే," అంది.

మరో ఏడాది మంచు బాగా పట్టింది. పూతంతా మాడి, ముట్టుకుంటే పొడి రాలింది. మా అత్త ఆ ఏడు మాడిన పూతే కుట్టింది. పసుపు ఊలు మానేసి, మట్టిరంగుతో బిగువు ముడులు వేసింది. చిలకల్ని పెట్టలేదు. "కాయ లేనికాడికి సిలక ఎందుకొస్తాదే?" అంది. నాయనమ్మ తల బాదుకుంది. అశుభం అని ఎవరూ దాన్ని అరువు అడగలేదు. టీచరమ్మ ఒక్కరే దాన్ని వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి, చాలాసేపు పట్టుకుని కూర్చున్నారు. "ఇది నాకిస్తావా?" అన్నారు. ఊరు మారినప్పుడు దాన్నే పట్టుకెళ్ళారు. కాలేజీ హాల్లో నేను చూసింది ఇదే. వారి తర్వాత ఎన్ని ఇళ్ళు తిరిగి అక్కడికొచ్చిందో నాకు తెలియదు. వెలిసిందని మీరు రాసినది వెలిసింది కాదు. మాడిన పూత మాడినట్టే కుట్టడమది.

*

మా అత్తకే పెళ్ళిచూపులు వచ్చాయి. మొదటివి కావు. నోరు పెద్దదని ఇంతకుముందు ఒకరిద్దరు వెనక్కెళ్ళారు. ఈసారి ఎస్. రాయవరం వైపు నుంచి. పెళ్ళికొడుకు, వాళ్ళమ్మ, మేనమామ. ఇల్లంతా సున్నం, గవ్వల పాకం, కొత్త చాప వాసన. చిలకల కొమ్మ దాని సొంత గోడకే వేలాడుతోంది. ఆ వేళ దాన్ని నేను ఎక్కడికీ మొయ్యలేదు.

పెళ్ళికొడుకు తల్లి మంచినీళ్ళు తాగుతూ గోడకేసి చూసింది. గ్లాసు దించింది. లేచి దగ్గరకి వెళ్ళింది.

"ఈ సిలకల్ని మేం సూసినాం," అంది. "మొన్న సంబంధానికని ఇదే వీధిలో ఆ సివరింటికి ఎల్లినాం. ఆళ్ళ గోడకే ఉన్నాయి. ఆళ్ళ పిల్లే కుట్టిందన్నారు. మీరు ఆళ్ళ దగ్గర అరువు తెచ్చినారేటమ్మా?"

నాయనమ్మ ముఖం నాకు ఇప్పటికీ కనబడుతుంది. నిజం చెబితే చివరింటి పిల్ల అబద్ధమాడినట్టు ఊరంతా తెలుస్తుంది, దానికిక పెళ్ళి కుదరదు. చివరింటావిడ నాయనమ్మకి చిన్నప్పటి జత. నాయనమ్మ "అవునమ్మా," అంది. "అరువు తెచ్చినాం. మా పిల్లకి కుట్టు రాదు."

నడింట్లో తలుపు వెనక కూర్చున్న మా అత్త చేతి గాజులు ఒక్కసారి గలగలమన్నాయి. తర్వాత ఆగిపోయాయి.

నేను ఊరుకోలేదు. ఊరుకోనందుకు ఇవాళ్టికీ నాకు విచారం లేదు. "కాదు! అది మా అత్తది! సివరింటికి నానే మోసుకెళ్ళినాను, దుప్పట్లో సుట్టి! గవ్వలు కూడా ఎట్టినారు!" అని అరిచాను.

"ఈ గుంట నోరు ముయ్యండర్రా," అని నాయనమ్మ.

"అయితే ఏ ఇంటిది అబద్ధం?" అని పెళ్ళికొడుకు తల్లి. "ఈ ఇంటిదా, ఆ ఇంటిదా?"

అప్పుడు మా అత్త బయటికి వచ్చింది. పిలవకుండానే. పళ్ళెం లేదు, తలమీద పూలు సగం జారి ఉన్నాయి. "ఏ ఇంటిదో నాకక్కర్లేదండి," అంది. "సెయ్యి మాత్రం నాది."

గోడమీది పలక దించింది. కత్తెర మొనతో వెనకమేకులు ఊడదీసింది. గాజు పక్కన పెట్టి గుడ్డ బయటికి లాగింది. కొత్త చాపమీద, వాళ్ళ ఎదురుగా కూర్చుంది. ఊలు పెట్టెలోంచి ఎర్రటి ఎరుపు తీసి, దాచమన్న ఆ ఎడమచేత్తోనే సూదికి ఎక్కించింది.

మేనమామగారికి అర్థం కాలేదు. "ఇంకేటి కుడతావమ్మా? పూర్తయిపోనాది గదా."

"పూర్తవలేదండి. పేరు కుట్టలేదు."

చిలకల మీదున్న ఖాళీ ఆకాశంలో మొదలుపెట్టింది. ఇక్కడ పని సంగతి ఒకటి చెప్పాలి. మ్యాటీ గుడ్డ అంతా చదరపు గడులు. ఇంగ్లీషు అక్షరాలు గడులకి లొంగుతాయి. అందుకే ఎవరి గోడమీద చూసినా వెల్‌కమ్ అని ఇంగ్లీషులోనే ఉండేది. తెలుగు అక్షరానికి అన్నీ వంపులే, ఇంటూ కుట్టుతో వేస్తే మెట్లు మెట్లుగా విరిగిపోతుంది. మా అత్త గడుల్ని లెక్కచేయడం మానేసింది. కాడ కుట్టు పట్టింది. ప్రతి కుట్టూ వెనకటి కుట్టు సగంలోంచి లేస్తూ, తాడు పేనినట్టు, గడుల మీదుగా గుండ్రంగా తిరుగుతూ వచ్చింది మొదటి అక్షరం.

వాళ్ళు మొదటి అక్షరం అయ్యేదాకా నోళ్ళు తెరుచుకుని చూశారు. రెండో దానికి మేనమామగారు గవ్వలు తినడం మొదలుపెట్టారు. మూడో దాని మధ్యలో పెళ్ళికొడుకు తల్లి లేచింది. "బాబూ, పదండి. పుర్రసెయ్యీ, ఇంత నోరూ, మన ఇంట్లో పట్టవు."

మా అత్త తలెత్తలేదు. "బేగి ఎల్లండి," అంది. "నా పేరు పొడుగు. అయ్యేదాకా ఉంటే మీకు బస్సు దొరకదు."

వెళ్ళిపోయారు. నాయనమ్మ గోడకి చేరబడి ఏడ్చింది. మా అత్త కుడుతూనే ఉంది. సందెదీపం పెట్టే వేళకి పేరు పూర్తయింది. గుడ్డ వెనక్కి తిప్పి చూసుకుంది. ముడి లేదు. అప్పుడు ఏడ్చింది, కొంచెంసేపు. తర్వాత మిగిలిన గవ్వలు మేమిద్దరం తిన్నాం.

*

మర్నాడు చివరింటావిడ వచ్చి వాకిట్లోనే అందుకుంది.

"మా కొంప ముంచీసినావు గదే! ఇప్పుడు మా గుంటకి ఏటి సూపించాలి? ఆకాశం నిండా నీ పేరు రాసుకుంటే ఆ గుడ్డ ఇంకెవరికి పనికొస్తాది?"

"ఎవరికీ పనికి రాకూడదనే పెద్దమ్మా," అంది మా అత్త. "గుంటని పంపించు. సూదట్టుకుని రమ్మను."

"దానికి సూదిలో దారం ఎక్కించడమే రాదు!"

"మరి సిలకల్ని ఎలా కుట్టీసింది?"

నాయనమ్మకి నవ్వాగలేదు. నిన్నంతా ఏడ్చిన మనిషి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. చివరింటావిడ మరో రెండు శాపనార్థాలు పెట్టి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నమే ఆవిడ కూతురు వచ్చి మా వసారాలో కూర్చుంది. రెండ్రోజులకి పక్కింటి అక్కచెల్లెళ్ళు. తర్వాత వీధి వీధంతా.

ఆ వసంతం మా వసారా ఎలా ఉండేదో చెప్పాలంటే నాకు మాటలు చాలవు. గోడ అవతలి నుంచి జీడిపూత వాసన, తియ్యగా, కొంచెం మత్తుగా. ఊలు పోగులు గాలికి లేచి మా నూనె రాసుకున్న జడలకి అంటుకునేవి. ఎవరి చెట్టు వాళ్ళే చూసి కుట్టాలని మా అత్త షరతు. ఒకత్తి పెరట్లో మునగపూత కుట్టింది. ఇంకొకత్తి కొయ్యూరు రోడ్డులో చూసిన మోదుగపూలు కుట్టింది. నేను జీడిమామిడి గుత్తి మొదలుపెట్టి, ఎర్ర ఊలు సగం దొంగిలించి మేకపిల్ల మెడకి కట్టాను. అందుకూ నా వీపుమీద ఒకటి పడింది. ఎవరు ముగించినా మూల పేరు కుట్టాలి, తెలుగులోనే, కాడ కుట్టుతోనే.

చివరింటి పిల్ల చిలక లావుగా, మెడ లేకుండా వచ్చింది. "అది సిలకా, కోడా?" అని మేమంతా ఏడిపించాం. ఆ పిల్ల విప్పలేదు. "నా సిలక ఇలగే ఉంటాది," అంది. కింద పేరు కుట్టుకుంది. తర్వాత వచ్చిన పెళ్ళివారికి దాన్నే చూపించింది. పెళ్ళి కుదిరింది. చిలక వల్ల కుదిరిందని నేననను. చిలక వల్ల చెడలేదు.

మా వీధిలో మళ్ళీ ఏ కుట్టూ అరువుకి వెళ్ళలేదు.

తర్వాత మీ అత్తకి పెళ్ళయిందా అని మీరు అడగవచ్చు. అయిందా లేదా అన్నది ఈ రాతకి అక్కర్లేదు. కుట్టినవారెవరని కదా మీ అట్టముక్క మీదున్నది.

*

ఆధారం అడిగారు. ఇదిగో. మీ దగ్గరున్న కొమ్మని గాజులోంచి బయటికి తీయండి. కుట్టు పుస్తకాలన్నింటిలో ఇంటూ కుట్టులో పైన పడే పోగు ఒక వైపుకే వాలి ఉంటుంది. దీంట్లో కొమ్మ బెరడు మీది ఇంటూలు చూడండి. ప్రతి ఒక్కటీ దానికి ఎదురు వైపుకి వాలి ఉంటుంది, ఒక్కటీ తప్పకుండా. అది పుర్రచెయ్యి. చిగుళ్ళలో పోగు విడదీసి చూడండి, రెండు రంగులుంటాయి. వెనక్కి తిప్పండి, ముడి ఉండదు. ఆపైన మా ఇంటికి రండి. చిలకల కొమ్మ మా ముందుగదిలో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. రెండో దాని ఆకాశంలో సంతకం ఉంది, గుమ్మంలోంచే చదవవచ్చు.

ఇప్పుడు మా మనవరాలు ఫోనులో వసంతానికి కుట్టుకోవలసిన బొమ్మలు చూపిస్తోంది. గుడ్డ, దారం, నమూనా అన్నీ ఒకే డబ్బాలో వస్తాయట. అందరికీ ఒకటే పువ్వు. తెప్పించుకోమన్నాను, తప్పేముంది. కానీ ముందు పెరట్లోకి వెళ్ళి తలెత్తి చూసి రమ్మన్నాను. ఈ ఏడు పూత ఎలా ఉందో ఆ డబ్బాకి తెలియదు.

ఇంతవరకూ ఎవరి పేరూ రాయలేదు. పని పూర్తయింది కాబట్టి పేర్లు రాస్తున్నాను. వీళ్ళందరికీ నేను రుణపడి ఉన్నాను.

కుట్టు పుస్తకాలు అడిగినన్నిసార్లు అటకమీంచి దించి ఇచ్చిన గ్రంథాలయం సూర్యకాంతం గారికి. ఈ కాగితాల్లో తప్పులు దిద్దిన మా మనవరాలు హారికకి. నా మాట విని నవ్వకుండా రాసి ఇమ్మన్న కిరణ్ అనే ఆ అబ్బాయికి. కోడిలాంటి చిలకని ఇప్పటికీ తన గోడమీద ఉంచుకుని, ఈ రాత కింద తానూ సాక్షి సంతకం పెడతానంటున్న చివరింటి పైడితల్లికి. జతకత్తె పరువు కోసం కన్నకూతురికి కుట్టు రాదన్న, ఆ తర్వాత వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ ఎర్ర అక్షరాలు వేలుపెట్టి చూపించిన మా నాయనమ్మ సన్యాసమ్మకి. ఎదురుగా కూర్చుని నేర్పిన టీచరమ్మ మేరీ సుగుణమ్మ గారికి.

ఇక ఆ అట్టముక్క. పాతది తీసేసి ఇలా రాయండి. మీరు రాయకపోతే సూదీ దారం పట్టుకుని నేనే వస్తాను.

పూత మాడిన వసంతం.
కుట్టినవారు: అప్పలనర్సమ్మ.